పోలేరమ్మకి తొలి శుభలేఖ

మంగళవారం, రాత్రి

ఈ బెజవాడ ఎండలో మెట్లెక్కి కొండ మీది మా మ్యూజియానికి వచ్చినవాళ్లు ముందు మంచినీళ్లు అడుగుతారు. ఇవాళ వచ్చిన పెద్దావిడ పోలేరమ్మ ఎక్కడుందని అడిగింది. చల్లపల్లి దగ్గర ఊరట. చెయ్యి విరిగిన విగ్రహానికి పూజ చేయకూడదని, ఊళ్లో కొత్తది నిలిపి పాతదాన్ని మాకిచ్చిన ఊరు అదే. మనవరాలి పెళ్లి తొలి శుభలేఖ అమ్మవారి ముందు పెట్టాలని వచ్చింది.

"గుళ్లో కొత్త అమ్మవారు ఉంది కదండీ," అన్నాను.

"ఉందండి. నా పెళ్లీ, నా కూతురి పెళ్లీ చేయించింది మాత్రం ఈవిడే."

విగ్రహం దగ్గర ఏమీ పెట్టకూడదని వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. అతని తప్పు లేదు. రాతికి పసుపూ నూనే అంటకూడదని ఆ రూలు పెట్టింది నేనే. అందుకే నా స్టూలు తెచ్చి, రాతికి బారెడు దూరంలో వేశాను. పసుపు రాసిన కార్డు దాని మీద పెట్టి ఆవిడ దణ్ణం పెట్టుకుంది. పైవాళ్లు అడిగితే నేనే చేయించానని చెబుతాను.

వెళ్తూ నాకూ ఒక కార్డిచ్చింది. "అమ్మ ఎట్టాగూ కదల్లేదు. ఆవిడ తరఫున మీరు రావాలండి."

వస్తానన్నాను. తీరా చూస్తే ముహూర్తం ఆదివారం పొద్దున. చర్చికి రాలేనంటే నాన్న ఊరుకుంటారు. పాస్టరుగారి కూతురు పోలేరమ్మ తరఫున పెళ్లికి వెళ్తోందని ఆయనకి ఎలా చెప్పాలో ఇంకా తోచలేదు...

చీర మాత్రం తీసి పెట్టాను. మంగళగిరిది.