చర్చిలో చదివిన రెండు రిపోర్టులు

నాన్నా,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. నీ కాలేయం క్యాన్సర్ ఒళ్లంతా పాకినాకే మనకు తెలిసింది. ఆ భయంతోనే తమ్ముడికి ఆరునెలలకోసారి రక్తపరీక్ష చేయించినా. వాడి కాలేయంలోనూ గడ్డ లేచింది గానీ చిన్నగా ఉండగానే దొరికింది, తీసేసినారు. అది మళ్లీ లేస్తాందేమో రక్తంలోని ఒక అంకె ముందే చెబుతుందంట. మొన్న ఆ అంకె మామూలుకు దిగింది. నమ్మలేక ఇంకో ల్యాబులోనూ చేయించినా. ఆడా అదే మాట!

ఈ పొద్దు చర్చిలో, నువ్వు ఎన్నేళ్లు పోరినా, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పే సాక్ష్యానికి ఎప్పుడూ లేవని నేను, లేచి రిపోర్టు చదివినా. బాగై మళ్లీ గనుల లారీ తోలుతాండే తమ్ముడు, ఎర్ర దుమ్ముతోనే వచ్చి కూర్చున్నోడు, వెనక బెంచీ నుంచి అరిచినాడు: "రెండోది కూడా చదువక్కా, లేకుంటే నువ్వే నమ్మవు!"

చర్చంతా నవ్వింది. రెండోదీ చదివినా నాన్నా. పాస్టరయ్య కూర్చోమన్నా కూర్చోబుద్ధి కాలేదు.