దిద్దిన బ్లాగు

8 జూన్ 2008, ఆదివారం

బ్లాగుకు నెట్‌లో చోటిచ్చే హోస్టింగ్ వాళ్ళ నుంచి మెయిల్. బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ బాగా పాతబడిందట. నెలాఖరులోగా కొత్త వెర్షన్‌కి మార్చకపోతే హ్యాకర్లు దూరతారట. అప్పటికీ మార్చకపోతే హోస్టింగ్ వాళ్ళే బ్లాగు మూసేస్తారట. డియర్ మొగులమ్మ అని మొదలుపెట్టారు. మొగులమ్మ పోయి నాలుగు నెలలైంది. నా భార్య పేరుతో ఏదైనా వస్తే ఇప్పటికీ ఒక్క క్షణం సంతోషమేస్తుంది. ఆ తర్వాత ఎవరి మీదో తెలియని కోపం.

బ్లాగులో నూట ముప్ఫై ఎనిమిది పోస్టులున్నాయి. ఆమె మాట అంటూ మిగిలింది అదొక్కటే. రిజిస్ట్రాఫీసు పెళ్ళి మాది, వీడియో లేదు. గొంతు రికార్డు చేసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ప్రతి ఆదివారంలాగే అత్తయ్య రాజవ్వ వెలిమెల నుంచి వచ్చింది. ఆవిడకు చదువు రాదు. కూతురు రాసిన పోస్టు నేనొకటి చదువుతాను, ఆవిడ వింటుంది, టీ తాగి వెళ్తుంది. ఇవాళ బీరంగూడ బస్సు గురించి రాసింది చదివాను. విని టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, మంచిగనే ఉన్నది గానీ గిది నా బిడ్డ మాట కాదు అల్లుడా, నువ్వు మాట్లాడినట్టే ఉన్నది అంది.

నిజమే.

10 జూన్, మంగళవారం

ఇక్కడైనా ఒప్పుకుంటాను. మొగులమ్మ తన తెలంగాణ మాటలోనే రాసేది. బళ్ళో పిల్లలకు పాఠం చెప్పి, ఇంటికొచ్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి నాకు చూపించేది. నేను దిద్దేవాణ్ణి. కంపెనీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్ నాది. ఇరవై రెండేళ్ళుగా తప్పులు వెతకడమే ఉద్యోగం. దానికి తోడు మా గోదావరి జిల్లా వాళ్ళకు తెలుగంటే మాదే అని ఒక పొగరు.

గా బస్సు సూడు, మా ఆయన తీర్గ, ఆగినట్టే ఆగి పోతది అని రాసింది. నేను దాన్ని, ఆ బస్సు చూడు, మా ఆయనలాగే ఆగినట్టే ఆగి వెళ్ళిపోతుంది అని మార్చాను. సూడు అంటే ఏం తప్పని అడిగింది. పదిమంది చదివేది, భాష బాగుండాలి అన్నాను. చదివేది నిజంగానే పదకొండు మంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, దిద్దుకో, నీకు గదే ఖుషీ అయితే దిద్దుకో అంది. గెలిచాననుకున్నాను, వెధవని.

11 జూన్

ఆమె మాట గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే నేను దిద్దిన వాక్యమే వస్తోంది.

15 జూన్, ఆదివారం

అప్‌గ్రేడ్ ఎలా చెయ్యాలో ఆఫీసులో ప్రింటు తీసుకున్నాను. ఏడు పేజీలు. అన్నిటికంటే ముందు బ్యాకప్ తీసుకోవాలి. తీసిన ఫైలును తెరవకూడదు, మార్చకూడదు, రెండు చోట్ల దాచాలి. ఎర్ర పెన్నుతో కింద గీత పెట్టాను. తీశాను కూడా. సిస్టమ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. మొత్తం బ్లాగు ఒక్క ఫైలులో పట్టింది. నాలుగేళ్ళ మొగులమ్మ.

అప్పుడే ఆలోచన వచ్చింది. ఎలాగూ అంతా ఒక్క చోటే ఉంది కదా. నేను మార్చిన మాటలు వెనక్కి మార్చేస్తే? కొత్త వెర్షన్‌లో ఆమె ఆమెలాగే ఉంటుంది.

అత్తయ్యకు చెప్పాను. వచ్చే ఆదివారం మొగులమ్మ మాటలోనే వినిపిస్తానన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, నిజంగనే అంటున్నవా అని రెండుసార్లు అడిగింది. టీ తాగకుండానే బస్సు దొరకదని లేచింది. గుమ్మం దగ్గర ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

19 జూన్, గురువారం, సాయంత్రం 6

అయిపోయింది. నాలుగు రోజుల పని. ఫైలులోదంతా కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో కొత్త పేజీలో పెట్టుకుని, ఒక్కో మాటా మార్చాను. చూడు తీసి సూడు. ఏమిటి తీసి ఏంది. వచ్చాను తీసి వచ్చిన. అలా తీసి గట్ల పెడితే ఒక చోట అలారం కాస్తా గట్లరం అయింది. గట్టిగా నవ్వాను. ఫిబ్రవరి తర్వాత ఈ ఇంట్లో నవ్వడం ఇదే. ఆమె ఉంటే వారం రోజులు నన్ను గట్లరం అని పిలిచేది.

సేవ్ చేస్తుంటే ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చింది, యూనికోడ్ అనీ అదీ ఇదీ. ఓకే కొట్టాను. ఆఫీసు సిస్టమ్‌లో ఇలాంటివి రోజుకు పది వస్తాయి.

పాత ఫైలు రెండు చోట్లా తీసేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. మా కంపెనీ మెషిన్ షాపులో కొత్త డ్రాయింగ్ వచ్చిందంటే పాతది ఆ నిమిషమే చించెయ్యాలి. పొరపాటున ఎవరైనా పాతది చూసి పని చేస్తే చేసిన లాటంతా స్క్రాపు, తుక్కు కిందే పోతుంది. కుర్రాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో. నేను దిద్దిన మొగులమ్మ ఇక ఎక్కడా ఉండకూడదు.

20 జూన్, శుక్రవారం, ఉదయం 10

సెలవు పెట్టాను. స్నానం చేసి కూర్చున్నాను, పూజకు కూర్చున్నట్టు. సర్వర్‌లో పాతదంతా ఖాళీ చేసి నా ఫైలు ఎక్కించాను. తర్వాత కొత్త వెర్షన్. ప్రింటులో ఉన్నట్టే ఒక్కో మెట్టూ చేసి టిక్కు పెట్టాను.

10.50

అప్‌గ్రేడ్ సక్సెస్‌ఫుల్ అని వచ్చింది.

11.15

?? ????? ????, ?? ??? ?????, ???????? ??? ?????.

అన్ని పోస్టులూ ఇంతే. నూట ముప్ఫై ఎనిమిదీ.

21 జూన్, శనివారం

హోస్టింగ్ వాళ్ళకు ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి మంచిది, ఓపిగ్గా విన్నది. కొత్త వెర్షన్‌లో ఏ లోపమూ లేదు సర్ అంది. నేను సేవ్ చేసినప్పుడే తెలుగు అక్షరమల్లా ప్రశ్నార్థకం అయిపోయిందట. ఆ పెట్టెలో రాసి ఉన్నది అదేనట. క్యాన్సిల్ నొక్కి ఉంటే సరిపోయేదట. పాత ఫైలు ఉంటే పది నిమిషాల పని సర్, ఉంది కదా అని అడిగింది. నేను ఫోను పెట్టేశాను. మళ్ళీ చేసి వాళ్ళ దగ్గరేమైనా కాపీ ఉంటుందా అని అడిగాను. ఒక్క కాపీయే ఉంచుతారట, అది నిన్న రాత్రి తీసిందట.

గూగుల్‌లో లేదు. బడిలో తెలిస్తే సిగ్గని సెర్చ్‌కు దొరక్కుండా పెట్టించుకుంది. చదివే పదకొండు మందిలో నాకు తెలిసింది వాళ్ళ బడి ఓదెలు సార్ ఒక్కరే. ఆయన దాచుకోలేదట. ఎక్కడికి పోతది సార్, నెట్లనే ఉంటది గదా అనుకున్న అన్నాడు.

అంకెలు మాత్రం పోలేదు. బస్సు పోస్టులో 7.10 అలాగే ఉంది. చుట్టూ ప్రశ్నార్థకాలు. లెక్కపెట్టి చూశాను, తెలిసిన చోట మాట పెడదామని. అక్షరానికొకటి, గుణింతానికొకటి పడ్డాయి. చూడు అయినా నాలుగే, సూడు అయినా నాలుగే. దేనికోసం అంత పోట్లాడామో అది ఇందులో లేదు.

ఇప్పుడు కూర్చుని రాయగలిగితే నేను దిద్దినవే రాయగలను. ఆమె రాసింది నాకు రాదు. నేను ఆమెను రెండుసార్లు పోగొట్టుకున్నాను, రెండోసారి నా చేతులతో.

22 జూన్, ఆదివారం

అత్తయ్య పొద్దున్నే వచ్చింది. నేను నోరు తెరిచేలోపే సిస్టమ్ ముందు కుర్చీ వేసుకుంది. తెర చూసి, అక్షరాలు మారినయ్ గదా అంది. అవునన్నాను. ఇగ నువ్వు దిద్దినయి ఏం లేవు గదా అంది. లేవన్నాను. అయితే గివి నా బిడ్డయే అని, ఆ ప్రశ్నార్థకాల మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నిమిరింది.

జెర మెల్లగ సదువు అల్లుడా అంది.