తారులో రాగులు

అమ్మా,
పుంగనూరు ఎండలో నీ మునిరత్నం బాగానే ఉన్నాడు. ఫోన్లో చెబితే మరిచిపోతావని కార్డు రాస్తున్నాను, పక్కింటి ఉష చేత చదివించుకో.

మేము మొన్న వేసిన తారు రోడ్డు మీద రెడ్డెమ్మ అనే ముసలామె రాగి వెన్నులు పరిచింది, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. పొద్దున చేత్తో తాకి చూసే పరిచిందట. మధ్యాహ్నం ఎండకు తారు మెత్తబడి, రాలిన గింజంతా అందులో కూరుకుపోయింది. గోళ్లతో గీకుతూ, "పొద్దన్నే రాయి మాదిరి ఉండె గదప్పా, ఇంతలోకే యాల ఇట్లయిపాయ?" అని నన్నడిగింది. మెత్తబడిన చోట ఇసుక చల్లి తొక్కించమన్నాడు ఇంజనీరు. ఆమెను పక్కకు జరిపి, ఆ గింజల మీదే రోలరు నడిపాను.

మన ఊరి ముందూ కొత్త రోడ్డు పడిందట కదా. పొద్దుటి చల్లదనాన్ని నమ్మొద్దు. ఈసారి రాగులు కళ్లంలోనే తొక్కించు. బోరులో నీళ్లున్నాయా? మదనపల్లెకు పోయి కళ్లు చూపించుకున్నావా? వచ్చే వారం మాకు కుప్పంలో పని.

ఇక్కడ రోజూ రాగి సంగటే. నిన్న ముద్ద చేతిలోకి తీసుకొని, తినలేక పెట్టేశాను. గంగమ్మకు దీపం పెట్టేటప్పుడు నా పేరు వద్దు, రెడ్డెమ్మ పేరు చెప్పుకో.

నీ కొడుకు