ఎత్తిన చక్రం

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య దీవెనలు. నేను, మీ వదిన, పాప కులాసాగా ఉన్నాం. నీ చెయ్యి నొప్పి పూర్తిగా తగ్గిందని రాశావు. ఆ మాట చదివాక ఇంట్లో అందరికీ అన్నం సహించింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పాపకు పై పన్ను ఊడింది. నవ్వమంటే నోరు మూసుకుంటోంది. షెడ్డు పైకప్పు రేకు మార్పించాను. ఇప్పుడు వాన నా నెత్తిన కాకుండా స్పానర్ల పెట్టె మీద పడుతోంది. ఇకపోతే, డ్రైవింగ్ స్కూల్లో నేర్పుకుంటూ బతికేస్తాను, పోటీల మాట ఎత్తొద్దు అన్నావు. ఈ ఉత్తరమంతా ఆ మాటకే జవాబు. నాకు నాలుగు ముక్కలు రాయడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఈ రోజు మాత్రం కలం ఆగడం లేదు.

కార్ల పోటీలో మలుపు దగ్గర గోడను గుద్దాక ఆసుపత్రి మంచం మీద నువ్వన్నది నాకు గుర్తుంది. "అన్నయ్యా, యాక్సిలరేటర్ తొక్కితే బండి కదల్లేదు. వట్టి రొద చేసింది. తర్వాత ఒక్కసారిగా విసిరేసింది." ఎవరమూ నమ్మలేదు. "కాలు బరువమ్మా నీది" అని బండి యజమాని నీ సీటు ఇంకొకాయనకి ఇచ్చేశాడు.

మొన్న మంగళవారం ఆ కొత్త డ్రైవరు ట్రయల్ నుంచి వచ్చి బండి దిగకుండానే, "మేస్త్రీ, మలుపులో లోపలి చక్రం ఊరికే తిరిగిపోతోంది. నేనేం చేశానో నాకే తెలియట్లేదు" అన్నాడు. అచ్చం నీ మాటే.

ఇంటికెళ్ళి ఆ బండి రిపేరు పుస్తకం తీశాను. ఇంగ్లీషు రాని నేను ఇన్నేళ్ళూ అందులో బొమ్మలు చూసే పని నేర్చుకున్నాను. డిఫరెన్షియల్ పేజీలో ఎత్తిన చక్రం, దాని మీద ఒక చెయ్యి ఉంటాయి. ఈసారి బొమ్మ కింది అక్షరాలు చదవమని మీ వదినను కూర్చోబెట్టాను.

"ముందు ఇదేం చేస్తుందో చెప్పండి. అర్థం కాకుండా చదవలేను" అంది.

"లోపల బిళ్ళలు ఒత్తుగా పేర్చి ఉంటాయి. ఒక చక్రం పట్టు తప్పి తిరగబోతే, వాటి ఒరిపిడి రెండో చక్రానికి కూడా బలం పంచుతుంది."

"అంటే అవి అరిగితే ఒకటి చాకిరీ చేస్తుంటే రెండోది కదలదు. మన ఇల్లే" అని నవ్వి, అప్పుడు చదివి చెప్పింది.

తెల్లారగానే షెడ్డుకి పరిగెత్తాను. గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, మిగతా చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాను. వెనక చక్రం ఒక్కటే జాకీతో ఎత్తి, ఎంత బలం పడుతోందో ముల్లుతో చూపించే టార్క్ రెంచి దాని నడిమికి తగిలించి మెల్లగా తోశాను. పుస్తకం ప్రకారం ముల్లు ఏడు దాటితేగాని చక్రం కదలకూడదట. రెండు దగ్గరే కదిలింది. పొరబడ్డానేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను. అంతే. విప్పి చూస్తే బిళ్ళలు అద్దంలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. నువ్వు చెప్పిందే నిజం చెల్లాయీ. షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నా ఆ మాట పైకే అనేశాను.

ఇక రాయకుండా తోసుకుంటూ వచ్చిన సంగతి. పోటీ ముందురోజు ఆ డిఫరెన్షియల్‌ను చూసింది నేనే. రెండు చక్రాలూ ఎత్తి, ఒకదాన్ని చేత్తో తిప్పాను. రెండోది కూడా అటే తిరిగింది. సరేననుకున్నాను. అరిగిన బిళ్ళలు కూడా ఆ మాత్రం తిప్పుతాయని, కొలిస్తేగాని అరుగుదల బయటపడదని నాకు తెలియదు. నా రోజువారీ పుస్తకంలో "డిఫరెన్షియల్ చూశాను, బాగుంది" అని రాసుకున్నాను. నువ్వు ఆసుపత్రిలో ఉండగా, బండిలో లోపమేమైనా ఉందా అని యజమాని అడిగితే ఆ పేజీ తీసి చూపించాను. నా రాత చూసే నీ సీటు తీసేశాడు. నాలుగు నెలలుగా ఈ సంగతి నీ దగ్గర దాచాను. చూడటంలో తప్పు తెలియక చేశాను. దాచడం మాత్రం తెలిసే చేశాను.

కొత్త బిళ్ళలు వేసి, పాతవి యజమాని బల్ల మీద పెట్టాను. బొటనవేలితో తడిమి చూశాడు.

"మరి ఆ రోజు బాగుందని చూపించావుగా?"

"నాకు కొలవడం తెలియలేదండీ. తప్పు నాది. ఆ పిల్లది కాదు."

బిళ్ళలు పక్కకు నెట్టాడు. తర్వాత, "వస్తుందంటావా?" అన్నాడు.

"రాస్తానండీ. రావడం తనిష్టం."

కొత్త డ్రైవరు రెండో బండికి మారడానికి ఒప్పుకున్నాడు. నీ సీటు ఖాళీగా ఉంది. ఇప్పుడు రెంచి ముల్లు ఎనిమిది దాటితేగాని చక్రం కదలడం లేదు. పాపని పిలిచి మరీ చూపించాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే అదే మలుపులో ట్రయల్. పక్క సీట్లో నేను కూర్చుంటాను. విసిరితే ఇద్దరినీ విసరనీ. నన్ను తిట్టాలని నీకుంటుంది, ఉండాలి కూడా. కానీ ఉత్తరంలో తిట్టకు. ఆ మలుపు దాటాక బండి పక్కన ఆపి, తీరిగ్గా తిట్టు. వింటాను.

ఇట్లు,
నీ దారి చూస్తూ,
అన్నయ్య