పిచ్చుక ఒంటరి గంటలు

జూన్ 2, ఉదయం

నాకు డైరీ రాయడం రాదు, ఉత్తరం రాయడమే వచ్చు. కాబట్టి ముందు క్షేమాలు. అబ్బాయి బీపీ ఎలా ఉంది? అదుపులోనే ఉందట. నమ్మను. కోడలి నడుం? వంగితే పట్టేస్తోంది. మనవరాలు పిచ్చుక సరిగ్గా నిద్రపోతోందా? లేదు. మరి నేను? గుండెదడ తప్ప కులాసా.

ఈ పుస్తకం పిచ్చుకే ఇచ్చింది. "బామ్మా, నీ భయాలన్నీ ఇందులో రాసుకో. నోటితో మాత్రం అనకు" అంది. పరదేశంలో విమానం నడపడం నేర్చుకొచ్చింది. ఆ లైసెన్సు ఇక్కడ చెల్లదట, ఇక్కడిదిగా మార్పించుకోవాలి. ఎగిరిన గంటలన్నీ కూడి పదిహేనో తేదీలోగా దరఖాస్తు పెట్టాలి. లేకపోతే ప్యాసైన పరీక్షలన్నీ మళ్లీ మొదటికి!

తీర్మానం: దరఖాస్తు వెళ్లేదాకా భయపడను. అడ్డుపడను. చేతనైన సాయం చేస్తాను. ఇదేమంత పెద్ద పని!

జూన్ 3

సాయం దొరికింది! దాని లాగ్‌బుక్కులో వరసలు నేను చదవాలి, అది కంప్యూటర్లో కొట్టుకుంటుంది. తారీఖు. ఎన్ని గంటలు. పగలా, రాత్రా. గురువుగారితోనా, ఒంటరిగానా. నా అయిదో క్లాసు చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

"చూశావా, ఈ ఇంట్లో విమానం నేనూ నడుపుతున్నా" అన్నాను కోడలితో.

"ముందు ఆ కళ్లజోడు తుడుచుకోండి అత్తయ్యా."

జూన్ 4

పగటి వరసలు గడగడా చదివేశాను. సాయంత్రం ఒకటి తగిలింది. రాత్రి. ఒంటరిగా. చీకటి పడితే మేడ మీదికి తోడు రమ్మనే పిల్ల! నా నోరు దానంతటదే "గురువుగారితో" అంది. ప్రాణం కుదుటపడింది.

ఒక్క వరసేగా.

జూన్ 5

ఒక్క వరస కాదు.

అయినా తీర్మానం చెడలేదు. గురువుగారు పక్కనుండగా భయమెందుకు?

జూన్ 7

కూడిక అయింది. ఒంటరి గంటలు నూరు కావాలి. తొంభై ఒకటే తేలాయి. పిచ్చుక మళ్లీ కూడింది. మళ్లీ అంతే. అన్నం కలిపి అలాగే వదిలేసింది.

లైసెన్సు రాకపోతే పిల్ల నేల మీదే ఉంటుంది కదా అని ఒక ఆలోచన వచ్చింది. పాపిష్టి బుర్ర!

జూన్ 8

పిచ్చుక నవ్వుతూ వచ్చింది. "ఏం పర్లేదు బామ్మా. ఇక్కడి క్లబ్బులో నేర్చుకునేవాళ్లకిచ్చే అనుమతి తీసుకుని విమానం మాట్లాడేశా. రేపట్నుంచి మూడు రాత్రులు ఒక్కదాన్నే ఎగిరి గంటలు పూర్తిచేస్తా."

అమ్మబాబోయ్! తోడు పెట్టబోయి నేనే చీకట్లోకి తోస్తున్నానే! చేసిందంతా చెప్పేశాను. ఏ వరసలో అడిగింది. చూపించాను.

"బామ్మా! ఆ రెండు వారాలూ గురువుగారు కాలికి సిమెంటు కట్టుతో మంచం మీదున్నారు. మంచంతో సహా ఎక్కించావా?"

నవ్విందా, తిట్టిందా అంటే రెండూ. విమానం మాత్రం వద్దని ఫోన్ చేసింది.

జూన్ 9

నా ఉద్యోగం ఊడింది. కోడలు చదివింది. నూటరెండు!

పిచ్చుక లాగ్‌బుక్కు నా ఒళ్లో పెట్టింది. "ఒక్క వరసైనా ఉన్నదున్నట్టు చదువు."

చదివాను. రాత్రి. ఒంటరిగా. ఈసారి ఆగకుండా వరస చివరిదాకా వెళ్లాను. అక్కడో గడి ఉంది, దిగిన టైము. ఇన్నాళ్లూ "ఒంటరిగా" దగ్గరే ఆగిపోయి దాన్ని చూడనేలేదు. పై వరసకీ ఉంది. కింది వరసకీ ఉంది. పేజీ తిప్పాను. ఎక్కడా ఆ గడి ఖాళీ లేదు.

పిచ్చుక వెళ్లిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాను.

తీర్మానం, మళ్లీ మొదటినుంచి: భయపడను. దరఖాస్తు స్వయంగా ఇచ్చి రావాలట. నన్నూ రమ్మంది, ఆఫీసరు ముందు నోరు మెదపకూడదన్న షరతు మీద. ఆఫీసు అయిదో అంతస్తట. లిఫ్టు మధ్యలో ఆగిపోతే? (అనలేదు. రాశానంతే.)

వెళ్లేది జూన్ 12, పొద్దున్నే.