పాత గది బొమ్మ

చిట్టికి,

నాన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, అల్లుడు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. “ఇక్కడ మేమంతా క్షేమం” అని రాయడం అలవాటైన చేయి ఇది. ఆ ‘మేమంతా’ కొట్టేసి ‘నేను’ అని దిద్దబోతే ఒక కాగితం పాడైంది. ఇది ఇంకో కాగితం.

ఫోన్‌లో “ఆ”, “ఊ” తప్ప ఏమీ మాట్లాడనని నువ్వు వేసిన నిష్ఠూరం నిజమే. అందుకే నువ్వు ఉత్తరంలో అడిగినవాటికి ఉత్తరంలోనే జవాబు రాస్తున్నాను.

చివరి రోజు ఏం జరిగిందో పూర్తిగా రాయమన్నావు. ఆ రోజు మీ అమ్మ ఎండ రాకముందే లేచింది. పాలు కాచి ఇస్తే సగం తాగింది. ఆయాసం ముందురోజు కంటే తక్కువగానే ఉంది. పక్కింటి టైలరమ్మ వచ్చి జడ వేసింది. ఇద్దరూ ఎవరి గురించో నవ్వుకున్నారు. నన్ను చూసి ఆపేశారు కాబట్టి నా గురించే అయ్యుంటుంది. తర్వాత ముఖం కడుక్కుంటానని మంచం దిగింది. నేను స్టౌ దగ్గర ఉన్నాను. తీసుకెళ్ళి, తీసుకొచ్చి పడుకోబెట్టాను. నువ్వు ఫోన్ చేశావా అని అడిగింది. సాయంత్రం చేస్తుందిలే అన్నాను. మధ్యాహ్నం నిద్రపోయింది. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నాను. పేజీ తిప్పి చూసేసరికి ఊపిరి లేదు. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని ఆస్పత్రిలోనే చెప్పారు కదా. నీకు ఫోన్ చేసేముందు దుప్పటి అంచులు సరిచేశాను. ఎందుకో తెలీదు.

ఇక నువ్వు కొత్తగా మార్పించిన ఇంటి సంగతి. మడత బల్ల ఎలా ఉంది, జారుడు తలుపులు పట్టేస్తున్నాయా, గోడకు వేసిన రంగు పెచ్చు లేస్తోందా అని అడిగావు. అన్నీ చక్కగా ఉన్నాయి. తలుపులు వేలితో తోస్తే జరుగుతున్నాయి. మంచం కింద సొరుగుల్లో ఇల్లంతా పట్టేసింది. వండుకుంటున్నాను. ఉప్పు కావాలంటే వరసగా తలుపులన్నీ తెరవాల్సి వస్తోంది, అన్నీ తెల్లవే, ఒక్కదానికీ పిడి లేదు. ‘పిడి ఉంటే చూపు అక్కడే ఆగిపోతుంది నాన్నా’ అన్నావు. నీ మాట గుర్తుంది. ఇరుకు ఇళ్ళు విశాలంగా కనిపించేలా సర్దడం నీ వృత్తి. ఆ పని నీకు బాగా వచ్చు. అది నేను కాదనను.

టైలరమ్మ వారానికోసారి వచ్చి చూసి వెళ్తోంది. మొన్న గుమ్మంలోనే నిలబడిపోయింది.

“లోపలికి రావమ్మా,” అన్నాను.

“ఇల్లు షోరూంలా ఉందన్నయ్యగారూ. కూర్చుంటే లేచి పొమ్మంటారేమోనని భయం.”

“నేనూ రోజూ అదే భయంతో కూర్చుంటున్నాను,” అన్నాను. నవ్వింది. తర్వాత నవ్వకూడదనుకుందో ఏమో, చెంగుతో మూతి తుడుచుకుంది.

నీ ఉత్తరంలో అసలు విషయం చివరి పేజీలో ఉంది. ఇళ్ళ అలంకరణ గురించి వేసే పత్రికవాళ్ళు మన గదిని ఫొటోలు తీయడానికి వచ్చే వారం వస్తారనీ, ‘అమ్మకు కూతురి చివరి కానుక’ అని శీర్షిక కూడా అనుకున్నారనీ రాశావు. ‘తర్వాత’ ఫొటోలు వాళ్ళు తీసుకుంటారు, ‘ముందు’ ఎలా ఉండేదో చూపడానికి ఏమీ లేదు, నువ్వు ఆఫీసులో అన్నేళ్ళు పటాలు గీసినవాడివి కదా, పాత గది బొమ్మ ఒకటి గీసి పంపు నాన్నా, ఆ గజిబిజి అంతా కనపడాలి, అన్నావు.

గీశాను. స్కేలు పెట్టి, కొలతలు వేసి గీశాను. ఏదీ మరిచిపోలేదు. కానీ గీస్తూంటే, ఏ వస్తువు ఎందుకక్కడ ఉందో పక్కన రాయకపోతే అది తప్పు పటం అవుతుందని తోచింది. అందుకని మాటల్లో రాస్తున్నాను.

బీరువా మంచానికీ వంటగదికీ మధ్య దారికి అడ్డంగా ఉండేది. ఇంటికి వచ్చిన ప్రతిసారీ దానికి నీ మోచేయి కొట్టుకునేది. “ఎవరైనా బీరువాని నడిదారిలో పెడతారా అమ్మా?” అని నువ్వు, “మా పెళ్ళినాటిది, అలిగి అక్కడే కూర్చుంది, లేవనంటోంది,” అని మీ అమ్మ. మంచం కోడు వదిలిన చేయికి బీరువా మూల అందేది. బీరువా రెండో మూల వదిలేసరికి వంటగది గుమ్మం అందేది. ఆ ఇంట్లో చేయి గాల్లో ఉండే చోటు లేదు. స్టౌ ముందు నువ్వు అసహ్యించుకున్న గోనెపట్టా ఉండేది. పాదానికి గరుకు తగిలిందంటే ఇంకో అడుగు వేయకూడదని. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పంచదారకి రెండు, టీ పొడికి మూడు. “ఇదేం పిచ్చమ్మా” అంటూ నువ్వే ఊడదీసి పారేశావు. నువ్వు వెళ్ళాక తను మళ్ళీ వేసుకుంది. స్నానాల గది తలుపు పైన ఆ పాత గడియారం, వీధిలోకి వినపడేంత గట్టిగా కొట్టుకునేది. అది వినపడే వైపు నడిస్తే చాలు.

ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. అయినా రాస్తాను, నాన్న నాన్చాడని అనుకోవద్దు. మీ అమ్మకు చూపు లేదు. డాక్టర్లు నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. మందులు వాడాం, లాభం లేకపోయింది. ముందు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, కొన్నాళ్ళు గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండేదట. తర్వాత ఆ గొట్టమూ మూసుకుపోయింది. పాప పుట్టే నాటికి వెలుగో చీకటో తెలిసేది, అంతే. పాపను ఒళ్ళో పెట్టుకుని ముఖమంతా వేళ్ళతో తడిమింది. “దిష్టి తీస్తున్నావా అమ్మమ్మా?” అని నువ్వు పాప గొంతుతో ఎగతాళి చేశావు.

నీకెందుకు తెలియలేదని అడుగుతావు. నువ్వు వచ్చేది రెండు రోజులకి. ఆ రెండు రోజులూ మీ అమ్మ గడప దాటేది కాదు, మోకాళ్ళ నొప్పి వంక చెప్పేది. సూదిలో దారం నీ చేత ఎక్కించుకునేది. నువ్వు తెచ్చిన బట్ట చేతిలో పెట్టి “రంగు ఎలా ఉందమ్మా?” అంటే “మెత్తగా ఉందే” అనేది. నువ్వు నవ్వేదానివి. ఇంట్లో మాత్రం నాకంటే చురుగ్గా తిరిగేది. నేను కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటూంటే తనే తెచ్చి చేతిలో పెట్టేది. “మీకు నాలుగు కళ్ళు. నాకు ఒక్కటీ లేదు. వెతికే పని మాత్రం నాది,” అనేది.

చెబుదామని నేను చాలాసార్లు అన్నాను. ఒప్పుకోలేదు. “దానికి తెలిస్తే మర్నాడే వచ్చి నన్ను తీసుకుపోతుంది. దాని ఇంట్లో నేను గుడ్డిదాన్ని. ఇక్కడ ఇంటావిడని. మీరు నోరు విప్పారో, చూడండి,” అని నా చేత ఒట్టు వేయించుకుంది. నోరు విప్పకపోవడం నాకు కష్టమైన పని కాదు.

ఆస్పత్రిలో చేర్చినప్పుడు నువ్వు వచ్చావు. “నువ్వు అమ్మ దగ్గరుండు నాన్నా, ఇల్లు నేను చూసుకుంటాను,” అన్నావు. తుడిచి, కడిగి పెడతావనుకున్నాను. వడ్రంగినీ రంగులవాణ్ణీ పిలిపించి, బీరువా అమ్మేసి, మొత్తం విప్పి కొత్తగా కట్టిస్తావని అనుకోలేదు. మీ అమ్మను తీసుకొచ్చిన రోజు గుమ్మం దగ్గర నువ్వేం చేశావో గుర్తుందా? వెనక నుంచి వచ్చి రెండు చేతులతో ఆమె కళ్ళు మూశావు. “చూడకూడదు, చూడకూడదు” అంటూ గది మధ్యకు నడిపించుకెళ్ళి, చేతులు తీసి, “ఇప్పుడు తెరువు!” అన్నావు.

మీ అమ్మ తెరిచింది. “అబ్బ, ఎంత వెలుతురే!” అంది.

నేను మందుల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

మర్నాడు నువ్వు వెళ్ళాక మంచం మీద కూర్చుని, “ఇప్పుడు చెప్పండి, నా ఇల్లు ఎక్కడికెళ్ళింది?” అంది. గది గొంతు మారిపోయిందట. మాట్లాడితే ఎవరిదో హాల్లో మాట్లాడినట్టు ఉందట. నీ కొత్త గడియారానికి చప్పుడు లేదు. గోడంత అద్దం పెట్టించావు, గది రెట్టింపు కనపడుతుందని. ఆమెకు అది చల్లటి గోడ, అంతే. తడిమి, “ఇదేమిటండీ?” అని అడిగింది. చెప్పాను. చాలాసేపు నవ్వింది, ఆయాసం వచ్చేదాకా.

“చిట్టికి చెప్పేస్తాను. వచ్చి మార్పిస్తుంది,” అన్నాను.

“చెప్పారంటే మీతో మాట్లాడను. నిజంగానే. మీరు రోజుకి మాట్లాడే ఆ నాలుగు ముక్కలకీ ఊ కొట్టను. అది ఇష్టపడి చేసింది. నేను నేర్చుకుంటాను. పాత ఇల్లు మాత్రం పుట్టుకతో వచ్చిందా?”

నేర్చుకోవాలని చూసింది. పాత ఇంటిని చూపు కాస్త ఉండగానే, ఒంట్లో శక్తి ఉండగా నేర్చుకుంది. ఇప్పుడు రెండూ లేవు. మంచం నుంచి నాలుగు అడుగులు వేసి ఆగిపోయేది. ఆ తర్వాత మంచినీళ్ళు అడిగి పుచ్చుకోవడం మొదలుపెట్టింది. నా దగ్గర ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. నీతో మాత్రం ఫోన్‌లో “గదికి గాలి వచ్చిందే చిట్టీ” అనేది. ఆ మాటలే నువ్వు పత్రికవాళ్ళకి చెప్పి ఉంటావు.

చివరి రోజు సంగతి రాశాను కదా, అందులో కొంత వదిలేశాను. ముఖం కడుక్కుంటానని మంచం దిగింది అని రాశాను. నన్ను పిలవకుండా దిగింది. నేను స్టౌ దగ్గర నుంచి తిరిగి చూసేసరికి, గది మధ్య ఖాళీగా వదిలి ‘ఊపిరాడే జాగా’ అని నువ్వు పేరు పెట్టిన చోట, రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలీదు. ఏడవలేదు. కదల్లేదు. నా అలికిడి విని, కొత్తవాళ్ళ గుమ్మంలో నిలబడ్డ మనిషిలా, “ఎవరండీ ఇంట్లో?” అంది.

“నేనే,” అన్నాను.

“మీరా! ఈ ఇంటివాళ్ళు కూర్చోమనైనా అంటారేమోనని చూస్తున్నాను.”

అది హాస్యానికే అంది. ఆమె నవ్వింది, నేను నవ్వలేకపోయాను. నీ ఫోన్ గురించి అడగడమే ఆమె చివరి మాట. నా చెవిలో ఉన్నది మాత్రం ఇదే.

నీకు తెలియక చేశావు. నీ తప్పు లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోవడం లేదు. మీ అమ్మ మీదా కోపంగానే ఉంది. నీ మనసు కష్టపెట్టకూడదని తన ఇంట్లో తను చుట్టంగా బతికి వెళ్ళిపోయింది. ఈ ఒట్టు నాతోనే పోనిద్దామనుకున్నాను. నువ్వు శీర్షిక రాసి పంపకపోతే అలాగే చేసేవాణ్ణి. మన ముగ్గురి మధ్య ఉన్న అబద్ధాన్ని మౌనంగా మోయగలను గాని, అచ్చువేసి పంచితే చదవలేను. ఫొటోలకు నేను ఒప్పుకోను. బొమ్మ కూడా పంపను.

పాతలాగే సర్దిద్దామని ఒక ఆలోచన వచ్చింది. బీరువా ఎవరింట్లో ఉందో తెలీదు. తెలిసినా, ఎవరి చేయి అందుకోవాలని అక్కడ పెట్టను? నీ అమరికలోనూ ఉండలేను. అద్దంలో నేను ఒక్కణ్ణే ఇద్దరిలా కనపడుతున్నాను. అందుకని నీ వడ్రంగినే పిలిచాను. విప్పాలనేసరికి గొణిగాడు.

“బిగించిన చేత్తోనే విప్పమంటే చేతులు రావు సార్. ఇంతకీ చేయించిన చిన్నమ్మగారు ఏమంటారో?”

“చిన్నమ్మగారికి ఉత్తరం రాస్తున్నాను,” అన్నాను.

“ఆ జాగాలో ఏం పెడదాం మరి?”

“ఏమీ పెట్టొద్దు.”

నువ్వు రావద్దని నేను అనను. కోపం తెచ్చుకుని వచ్చినా ఫరవాలేదు, ఇద్దరం కోపంగానే కూర్చుందాం. ఫొటోలవాళ్ళు లేకుండా రా. పాపను తీసుకురా.

రేపు పొద్దున వడ్రంగి వచ్చేలోపు లేచి, వీధి చివరికి వెళ్ళి ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తాను. తిరిగి వచ్చి, ముందు అద్దం, తర్వాత తలుపులు, ఆ తర్వాత మంచం, ఒక్కొక్కటే దగ్గరుండి విప్పించి వాన్ ఎక్కించి, నీ చిరునామా నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
కోపం తీరకపోయినా
మీ నాన్ననే