అక్కకు మిగిలిన ఒక్క మాట

మంగళవారం, ఏలూరు

పొద్దున తాడేపల్లిగూడెం కాలేజీలో, మాటకు అర్థం నలుగురూ దాన్ని వాడే తీరులోనే ఉంటుందన్న ఆ తత్వవేత్త గురించి పాఠం చెప్పాను. వయసులో ఉండగా రాసిన పుస్తకాన్ని ఆయనే తర్వాత తప్పన్నాడంటే పిల్లలు నవ్వారు.

సాయంత్రం ఇక్కడి ఆసుపత్రికి వచ్చాను. తెలుగు టీచరుగా చేసిన మా అక్కకు పక్షవాతం వచ్చాక ఒక్క మాటే మిగిలింది. కొల్లేటి ఒడ్డున పుట్టినందుకేమో, ఆ మాట పడవ. మంచినీళ్ళు కావాలన్నా పడవే, కిటికీ తెరవాలన్నా పడవే.

రేపు తలకు ఆపరేషన్ అంటున్నారు.

"చేయించుకుంటావా అక్కా?" అని అడిగాను.

నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పడవ, పడవ" అంది. కళ్ళనిండా నీళ్ళు. ఔనైతే తల ఊపమన్నాను, ఊపలేదు. మళ్ళీ పడవే. ఏం చెయ్యాలో తోచక, "అలాగే అక్కా, నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. వెంటనే చెయ్యి వదిలేసి, నిశ్చింతగా కళ్ళు మూసుకుంది.

తలుపు దగ్గర నుంచున్న బావగారు, "ఒప్పుకున్నట్టేనంటావా అమ్మా? డాక్టరుగారు అడుగుతున్నారు" అన్నారు.

ఔనన్నాను.

నేను దేనికి మాటిచ్చాననుకుని అక్క నిద్రపోయిందో...